పాత బండికి కొత్త స్ట్రట్లు

(ద్వితీయ సంవత్సరం బి.ఎస్సి., గణిత-భౌతిక-రసాయన శాస్త్రాలు)

"షాకబ్జర్ పోయింది" అంటాం. కానీ అది బల్బు పోయినట్టు ఒక్క క్షణంలో పోదు. ఏళ్ళ తరబడి రోజుకింత చొప్పున పోతూ ఉంటుంది. బండి నడిపేవాడు కూడా రోజుకింత చొప్పున దానికి అలవాటు పడిపోతూ ఉంటాడు. అందుకే పదేళ్ళు దాటిన బండి ఎక్కిన కొత్త మనిషి "ఇదేమిటండీ, పడవలా ఊగుతోంది" అంటే బండిగలాయన నొచ్చుకుని, "బండికేం, నిక్షేపంలా ఉంది. రోడ్డే బాగాలేదు" అంటాడు. ఆ మాటలో అబద్ధం లేదు. రోడ్డు నిజంగానే బాగుండదు. అయితే రోడ్డు బాగాలేని చోట పనికి రావలసిన భాగమే ఇది.

మా తరగతిలో అవరుద్ధ కంపనాల పాఠం జరిగింది. సమీకరణం రాశాం, సాధించాం, పరీక్షలో దించేశాం. అదే సమీకరణం ఇంటి వాకిట్లో నిలిపి ఉన్న బండి ముందు చక్రాల వెనక, బురద పూసుకుని నిలువుగా నిలబడి ఉంటుంది. పుస్తకంలోని ఆ పాఠాన్నీ, షెడ్డులో జరిగే పనినీ పక్కపక్కన పెట్టి చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశ్యం. లెక్కలంటే గిట్టని ఆర్ట్సు మిత్రులు మధ్యలో వచ్చే అంకెలను దాటేసినా ఫరవాలేదు గాని, స్ప్రింగు విప్పే చోటు మాత్రం తప్పక చదవాలని మనవి. అక్కడ ప్రాణాల సంగతి ఉంది.

ముందు మాటలు సరిచేసుకుందాం. స్ప్రింగు వేరు, షాకబ్జర్ వేరు, స్ట్రట్ వేరు. స్ప్రింగు బండి బరువు మోస్తుంది. షాకబ్జర్ బరువు మొయ్యదు, ఊపును ఆపుతుంది. ఈ రెంటినీ ఒకదానిలో ఒకటి కూర్చి, పూరింటికి నిట్రాడు నిలిపినట్టు నిలిపి, పై కొసను బండి ఒంటికీ కింది కొసను చక్రాన్ని పట్టుకునే నకిల్‌కూ బిగిస్తే అది స్ట్రట్. ఇల్లు నిలబడడానికి నిట్రాడు ఎంతో, చక్రం నిటారుగా నిలబడడానికి ఇదంత. మామూలు షాకబ్జర్ అరిగితే బండి ఊగుతుంది, అంతే. స్ట్రట్ అరిగితే చక్రం నిలబడే తీరే మారుతుంది. ఈ తేడా మెకానిక్‌లలో కూడా అందరూ పట్టించుకోరు.

ఎస్.యు.వి. అని పేరున్న ప్రతిదానికీ ముందు స్ట్రట్లు ఉంటాయనుకోకూడదు. ఛాసిస్ మీద కట్టిన స్కార్పియో, ఫార్చ్యూనర్ వంటివాటికి ముందు వైపు పైనొకటి కిందొకటి విష్‌బోన్ చేతులు ఉంటాయి. 2011లో వచ్చిన ఎక్స్‌యువి 500, 2012లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన డస్టర్ వంటి, విడిగా ఛాసిస్ లేని బళ్ళకు స్ట్రట్లు. ఆ తొలి ఏళ్ళ బళ్ళు ఇప్పుడు చేతులు మారి మారి మా పల్నాటి పల్లెల దాకా వచ్చాయి. కొన్నవాడు పట్నంలో ఆఫీసుకు తిప్పాడు. మావాళ్ళు వెనక సీట్లు మడిచి, 45 కిలోల యూరియా బస్తాలు వేసి, పుంత దారిలో పొలానికి తోలుతున్నారు. అర్ధరాత్రి ఎవరికైనా నొప్పులొస్తే ఆస్పత్రికి కదిలేది కూడా ఆ బండే. అటువంటి బండికి బ్రేకు ఎంత అవసరమో, ఆ బ్రేకు పట్టేటప్పుడు టైరు నేల మీద ఆని ఉండడమూ అంతే అవసరం.

ఈ స్ట్రట్ పద్ధతికి ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు పేరు నిలిచింది. ఆయన పేటెంటు దరఖాస్తు 1947 నాటిది, మంజూరైంది 1953లో. 1950 దశకం మొదట్లో బ్రిటన్‌లో ఫోర్డ్ కంపెనీ చేసిన కాన్సుల్, జెఫిర్ కార్లకు ఇవి ఉన్నాయి. మన రోడ్ల మీద ఎక్కువ కాలం తిరిగిన అంబాసిడర్‌కు ముందు స్ట్రట్లు లేవు, మెలితిరిగే కడ్డీలు ఉండేవి. 1983లో వచ్చిన మారుతి 800కు మాత్రం ముందు వైపు స్ట్రట్లే. కారణం చెప్పడం కష్టం కాదు. భాగాలు తక్కువ, ఖర్చు తక్కువ, ఇంజను అడ్డంగా పెట్టుకోవడానికి చోటు మిగులుతుంది. దానికి చెల్లించే మూల్యం ఏమిటంటే, పక్కనుంచి వచ్చే తోపు కూడా షాకబ్జర్ కడ్డీ మీదే పడుతుంది. అందుకే స్ట్రట్ లోపలి కడ్డీ మామూలు షాకబ్జర్ కడ్డీకన్నా బాగా లావుగా ఉంటుంది.

ఇక పాఠంలోకి వెళదాం. 1400 కిలోల బండి అనుకుందాం. ముందు వైపు ఒక్కొక్క చక్రం మీద, చక్రం బరువు తీసివేస్తే, సుమారు 350 కిలోలు పడతాయి. స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి 20 న్యూటన్ల బలం కావాలనుకుందాం. ఇది ఇటువంటి బళ్ళకు సరిపడే అంకె. హుక్ 1678లో ప్రకటించిన సూత్రం ప్రకారం ఈ స్ప్రింగు మీద ఈ బరువు సరళ హరాత్మక చలనం చేస్తుంది. దాని సహజ పౌనఃపున్యం లెక్క కడితే సెకనుకు 1.2 వస్తుంది. అంటే ఒక ఊపుకు సెకను కంటే కొంచెం తక్కువ.

స్ప్రింగుకు ఉన్న గుణం ఏమిటంటే, అది శక్తిని మింగదు. చేబదులు పుచ్చుకుని మళ్ళీ పైసాతో సహా తిరిగి ఇచ్చేస్తుంది. గుంతలో దిగినప్పుడు పుచ్చుకున్నదంతా పైకి లేచేటప్పుడు ఇస్తుంది. ఎద్దుబండికి స్ప్రింగు లేదు కాబట్టి దానికి దెబ్బే తప్ప ఊపు లేదు. జట్కాకు కమాన్ పట్టీలు వచ్చాయి, దెబ్బ తగ్గింది. ఆ పట్టీలు ఒకదానిమీద ఒకటి రాసుకుని ఆ ఘర్షణలోనే కొంత శక్తి తినేవి. చుట్ట స్ప్రింగులో ఆ రాపిడి కూడా లేదు. ఒక్క స్ప్రింగు మీదే బండిని వదిలేస్తే గుంత దాటి ఫర్లాంగు పోయినా ఊగుతూనే ఉంటుంది. ఆ శక్తిని తినేవాడు వేరే ఉండాలి.

వాడే షాకబ్జర్. గొట్టం నిండా నూనె, అందులో కడ్డీకి తగిలించిన ముషలకం, ముషలకానికి సన్నని రంధ్రాలు, వాటిమీద పలచని ఉక్కు బిళ్ళల కవాటాలు. పిల్లలు ఆడుకునే చిమ్మనగొట్టం తీసుకోండి. మెల్లగా నొక్కితే నీళ్ళు సాఫీగా పోతాయి. ఒక్కసారి బలంగా నొక్కితే చెయ్యి ఆగిపోతుంది. షాకబ్జర్ నిరోధం కూడా అంతే, ఎంత దూరం కదిలిందన్నదాని మీద కాక ఎంత వేగంగా కదిలిందన్నదాని మీద ఆధారపడుతుంది. నూనె ఆ రంధ్రాల్లోంచి దూరి దూరి వేడెక్కుతుంది. గుంతల రోడ్డు మీద దూరం పోయివచ్చాక గొట్టం మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. బండి ఊపు అలా ఉష్ణమై గాలిలో కలుస్తుంది. ఇంకొక విశేషం: నొక్కుకునేటప్పటి నిరోధం కన్నా సాగేటప్పటి నిరోధం మామూలుగా ఎక్కువగా, చాలా వాటిలో రెండు మూడు రెట్లు ఉండేట్టు కవాటాలను అమరుస్తారు. చక్రం గుట్ట ఎక్కేటప్పుడు అడ్డుపడితే ఆ దెబ్బ బండికి తగులుతుంది. స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు మాత్రం గట్టిగా పట్టుకోవాలి.

పుస్తకంలో అవరోధ నిష్పత్తి అని ఒక రాశి ఉంది. అది 1 అయితే బండి ఊగకుండా మెల్లగా చోటికి వస్తుంది, దాన్ని సందిగ్ధ అవరోధం అంటాం. 0 అయితే ఊగుతూనే ఉంటుంది. కార్లకు సుమారు 0.3 పెడతారు. 1 పెడితే బండి ఎద్దుబండిలా దెబ్బలు కొడుతుంది. పైన చెప్పిన బండికి 0.3 కావాలంటే సెకనుకు ఒక మీటరు వేగం దగ్గర సుమారు 1600 న్యూటన్ల నిరోధం ఉండాలి. నూనె కారి, కవాటాలు అరిగి అది మూడో వంతుకు పడిపోయిందనుకోండి, నిష్పత్తి 0.1 అవుతుంది. తేడా ఏమిటో చూద్దాం. బండి ముందు భాగం 10 సెం.మీ. కిందికి దిగి వదిలిందనుకుంటే, మంచి షాకబ్జర్‌తో ఒక ఊపు పూర్తయ్యేసరికి మిగిలేది 1.4 సెం.మీ. మాత్రమే. అరిగిన దానితో ఒక ఊపు తర్వాత 5.3, రెండో ఊపుకు 2.8, మూడో ఊపుకు 1.5. అంటే మంచిది ఒక్క ఊపులో చేసిన పని చెయ్యడానికి ఇది మూడు ఊపులు తీసుకుంటుంది. ఈలోగా ఇంకో గుంత రానే వస్తుంది.

బ్రేకు సంగతి ఇక్కడే చెప్పాలి. అరిగిన స్ట్రట్లతో బ్రేకు వేస్తే బండి ముక్కు నేలకు వంగుతుందని అందరూ అంటారు. కారణం మాత్రం తరచు తప్పు చెబుతారు. గట్టిగా బ్రేకు వేసి సెకనుకు 7 మీటర్ల చొప్పున వేగం తగ్గిస్తే, గరిమనాభి 65 సెం.మీ. ఎత్తులో, ఇరుసుల మధ్య దూరం 2.7 మీటర్లు ఉన్న ఆ 1400 కిలోల బండిలో దాదాపు 2360 న్యూటన్ల భారం వెనకనుంచి ముందుకు మారుతుంది. ఒక్కొక్క ముందు స్ప్రింగు మీద 1180. కాబట్టి ముక్కు చివరికి 6 సెం.మీ. దిగి నిలుస్తుంది. షాకబ్జర్ కొత్తదైనా పాతదైనా ఈ 6 మారదు, అది స్ప్రింగు లెక్క. మారేది ఏమిటంటే, ఆ 6 దగ్గర ఆగకుండా దాటిపోయే దూరం. బ్రేకు ఒక్కసారిగా పడిందనుకుంటే మంచి షాకబ్జర్‌తో 8 సెం.మీ. దాకా పోయి వెనక్కి వస్తుంది, అరిగిన దానితో 10 దాటి పోతుంది. అప్పటికి చాలా బళ్ళలో అడుగున ఉండే రబ్బరు స్టాపరు తగిలేస్తుంది. ఆ తర్వాత ముక్కు పైకి లేస్తుంది. సరిగ్గా అప్పుడు ముందు టైర్ల మీద భారం తగ్గుతుంది, భారం తగ్గితే పట్టు తగ్గుతుంది. బ్రేకు లైనర్లు కొత్తవే, నూనె కొత్తదే, అయినా బండి ఆగవలసిన చోట ఆగదు. రాత్రిపూట లైట్లు కూడా ఒకసారి నేల మీదికి, ఒకసారి చెట్ల మీదికి పోతూ ఎదుటివాడి కళ్ళలో పడుతుంటాయి.

దీనికి తోడు చక్రం చేసే గంతు ఒకటి ఉంది. చక్రం, హబ్బు, బ్రేకు కలిసి 40 కిలోలు. దానికి పైన స్ప్రింగు, కింద గాలి నిండిన టైరు. టైరు కూడా ఒక స్ప్రింగే, బాగా గట్టి స్ప్రింగు. మిల్లీమీటరుకు 200 న్యూటన్లు అనుకుంటే చక్రం సహజ పౌనఃపున్యం సెకనుకు దాదాపు 12 వస్తుంది. కంకర పరిచి వదిలేసిన రోడ్డు మీద బళ్ళు తిరిగి తిరిగి అలలు అలలుగా లేవడం చూసే ఉంటారు. గంటకు 30 కి.మీ. వేగంలో, ఆ అలలు 70 సెం.మీ. ఎడంగా ఉంటే అనునాదం సరిగ్గా కుదురుతుంది. షాకబ్జర్‌లో పస లేకపోతే చక్రం నేల మీద దొర్లడం మాని గంతులు వేస్తుంది. ఆ గంతులకు టైరు చుట్టూ గుంటలు గుంటలుగా అరుగుతుంది. అరచెయ్యి పెట్టి టైరు చుట్టూ నిమిరితే తెలుస్తుంది. టైర్ల షాపువాడు దీన్ని చూసి టైరు మంచిది కాదంటాడు, కొత్తది అమ్ముతాడు. అదీ అలాగే అరుగుతుంది.

తతిమ్మా గుర్తులు క్లుప్తంగా చెబుతాను. దుమ్ము తొడుగు కింద గొట్టం మీద నూనె చెమ్మ లేతగా ఉంటే భయం లేదు. నూనె దిగజారి మట్టి అంటుకుని ముద్ద కట్టి ఉంటే పోయినట్టే. స్టీరింగు తిప్పేటప్పుడు టక్కుమని చప్పుడు, స్ప్రింగు ఉలిక్కిపడినట్టు కదలడం ఉంటే అది పై మౌంటు లోపలి బేరింగు, షాకబ్జర్ కాదు. నిలిపి ఉన్న బండి ఒక పక్కకు ఒరిగి ఉంటే అదీ షాకబ్జర్ కాదు, స్ప్రింగు. చక్రం నడిబొడ్డు నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు దాకా రెండు వైపులా టేపు పెట్టి కొలిస్తే సరి. స్ప్రింగు గురించి ఒక మాట: చుట్ట స్ప్రింగు గట్టితనం తీగ వ్యాసం నాలుగో ఘాతానికి అనులోమంగా ఉంటుంది. 12.5 మి.మీ. తీగ తుప్పు తిని 12 అయితే పోయింది నూటికి 4 పాళ్ళే అనిపిస్తుంది. గట్టితనం మాత్రం నూటికి 15 పాళ్ళు పోతుంది. ఎప్పుడూ బురదలో ఉండే అడుగు చుట్ట దగ్గర ఇవి విరగడం అందుకే ఎక్కువ.

ముందు మడ్‌గార్డు మీద బరువు వేసి నొక్కి వదిలి, ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టే పరీక్ష అందరికీ తెలిసిందే. దాన్ని నేను పూర్తిగా నమ్మను. చేత్తో నొక్కితే బండి కదిలేది కొద్ది సెంటీమీటర్లు. ఆ మాత్రం ఊపును బుష్షుల రాపిడే ఆపేస్తుంది. మూడుసార్లు ఊగిందంటే షాకబ్జర్ పోయిందని నిశ్చయించవచ్చు గాని, ఒక్కసారే ఊగిందని బాగుందనడానికి వీల్లేదు.

రెండు వైపులా ఒకేసారి మార్చాలి. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బూటు వేసుకుని పరుగెత్తినట్టు కాకూడదు. స్ట్రట్లతో పాటు పై మౌంటు, బేరింగు, రబ్బరు స్టాపరు, దుమ్ము తొడుగు కూడా కొత్తవి వెయ్యడం మంచిది. విప్పే శ్రమ ఎలాగూ ఒకటే. మొత్తం మీద అయ్యే ఖర్చు దాదాపు ఒక జత టైర్ల ఖరీదు చుట్టుపక్కల ఉంటుంది. ఇది రైతుకు చిన్న మాట కాదని నాకు తెలుసు. ఆ కష్టం చూసే కొన్ని షాపులు పాత గొట్టానికి చిల్లి పెట్టి నూనె పోసి, అతికి, నల్లరంగు కొట్టి సగం ధరకు ఇస్తుంటాయి. మా నాన్నకు ఒక షాపులో అలాంటివి కొత్తవని చెప్పి అంటగట్టారు. మిరప నాటినప్పుడు వేసినవి కోతల నాటికే కారిపోయాయి. స్ట్రట్ విషయంలో ఈ బేరం అసలే పనికిరాదు. చక్రాన్ని నిలబెట్టే కడ్డీకి గీతలు పడి, లోపలి గైడు అరిగి ఉంటే ఎంత మంచి నూనె పోసినా ఫలితం లేదు.

ఇప్పుడు పని. చదునైన గట్టి నేల కావాలి. వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చెయ్యాలి. రెండు ముందు చక్రాలూ లేపి స్టాండ్లు పెట్టాలి. ఒక్క పక్కే లేపితే రెండు చక్రాలనూ కలిపే యాంటీ రోల్ కడ్డీ మెలితిరిగి, దాని లింకు విప్పడం కష్టమవుతుంది. జాకీని నమ్మి బండి కింద తల పెట్టకూడదు. ఇటుకల దొంతి కూడా జాకీ లాంటిదే, చెప్పకుండా పగులుతుంది.

చక్రం తీశాక బ్రేకు గొట్టం, ఏ.బి.ఎస్. వైరు స్ట్రట్‌కు క్లిప్పులతో పట్టుకుని ఉంటాయి. వాటిని ముందే విడిపించాలి. లింకు స్ట్రట్‌కు బిగించి ఉన్న బళ్ళలో దాన్నీ విప్పాలి. కింద నకిల్‌ను పట్టే బోల్టులు తియ్యడానికి ముందు అవి ఎక్కడ కూర్చున్నాయో సుద్దతోగాని, మేకుతోగాని గీత గీసుకోవాలి. కొన్నిటిలో ఆ బోల్టు కాస్త జరిగినా చక్రం వాలు మారిపోతుంది. ఫోనుతో నాలుగు ఫొటోలు తీసుకుంటే మరీ మంచిది. బోల్టులు రాగానే హబ్బు బయటికి ఒరుగుతుంది. దాన్ని అలా వదిలితే బ్రేకు గొట్టం మీద బరువు పడుతుంది, ఇరుసు కీలు లోపలినుంచి ఊడే ప్రమాదం కూడా ఉంది. ఒక బైండింగు వైరుతో పైకి కట్టాలి. ఆ తర్వాత బానెట్ ఎత్తి పై నట్లు తియ్యాలి.

ఇక్కడ ఆగాలి. పైన చూస్తే సాధారణంగా చుట్టూ చిన్న నట్లు, నడిమధ్య ఒక పెద్ద నట్టు కనిపిస్తాయి. చుట్టూ ఉన్నవి మౌంటును బండికి పట్టి ఉంచుతాయి. మధ్యది కడ్డీ కొసకు ఉండి, నొక్కిపెట్టిన స్ప్రింగును బంధించి ఉంచుతుంది. మా మేస్త్రి పనిలోకి దిగుతూనే అన్న మొదటి మాట, "ఆ మధ్య నట్టు మీద మాత్రం చెయ్యి పెట్టమాక బాబూ." (కొన్ని బళ్ళకు చుట్టూ నట్లు లేకుండా మధ్య నట్టుతోనే పట్టి ఉంచే నిర్మాణం ఉంది. అందుకే ఆ బండి మాన్యువల్ చూడకుండా పైన పానా పెట్టకూడదు.)

ఎందుకంటే, స్ట్రట్ చేతిలోకి వచ్చాక కూడా స్ప్రింగు పూర్తిగా సాగి ఉండదు. పళ్ళెం కింద ఇంకా నొక్కుకునే ఉంటుంది. 10 సెం.మీ. నొక్కుకుని ఉందనుకుంటే బలం 2000 న్యూటన్లు, అంటే 200 కిలోల బరువు. అందులో దాగిన స్థితిజశక్తి 100 జౌళ్ళు. విప్పడానికి కంప్రెసర్ వేసి 15 సెం.మీ. దాకా నొక్కామా, 225 జౌళ్ళు. ఇది ఎంతో తెలియాలంటే, కిలో బరువున్న సుత్తిని 23 మీటర్ల ఎత్తునుంచి, అంటే ఏడంతస్తుల మేడ మీదినుంచి జారవిడిస్తే నేల తాకేటప్పుడు దానికుండే గతిజశక్తి. అది ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది. రోడ్డు పక్క షెడ్డుల్లో ఈ పని చేసే పిల్లల్లో నాకన్నా చిన్నవాళ్ళే ఎక్కువ. స్ప్రింగుకు తాడు చుట్టి, లేదా మోకాలితో అదిమి పట్టి మధ్య నట్టు తిప్పేస్తుంటారు. పది సార్లు ఏమీ కాదు. కాలేదు కాబట్టే పదకొండోసారి కూడా అలాగే చేస్తారు. తాడుకు స్థితిజశక్తి సంగతి తెలియదు.

చెయ్యవలసిన తీరు ఇది. స్ప్రింగు కంప్రెసర్ కొక్కేలు రెండూ ఎదురెదురుగా, సరిగ్గా సగం చుట్టు ఎడంగా పెట్టాలి. ఒకదానికి కొంచెం, రెండోదానికి కొంచెం, మార్చి మార్చి బిగించాలి. ఒకవైపే బిగిస్తే స్ప్రింగు విల్లులా వంగి కొక్కెం జారుతుంది. గాలి తుపాకీతో బిగించకూడదు, చేతి పానాతోనే చెయ్యాలి. స్ప్రింగు పై పళ్ళెంలో వదులై చేత్తో కదిలేదాకా నొక్కి, అప్పుడు మాత్రమే మధ్య నట్టు విప్పాలి. స్ట్రట్ కొస మన వైపుగాని, పక్కవాడి వైపుగాని ఉండకూడదు. అవసరానికి మించి నొక్కడం కూడా తెలివితక్కువే, శక్తి దూరం వర్గానికి అనులోమంగా పెరుగుతుందని చూశాం కదా. సొంతంగా కంప్రెసర్ లేనివారు స్ట్రట్‌ను బయటికి తీసి, గోడకు బిగించిన పెద్ద కంప్రెసర్ ఉన్న షెడ్డుకు తీసుకుపోయి మార్పించుకుంటే అయ్యే కూలి ఎంతో ఉండదు.

కొత్త షాకబ్జర్ రెండు గొట్టాల రకమైతే, అది షాపులో పడుకోబెట్టి ఉంటుంది కాబట్టి లోపలి నత్రజని నూనెలోకి చేరి ఉంటుంది. నిలబెట్టి నాలుగైదుసార్లు నిండుగా లాగి నొక్కితే వాయువు పైకి పోతుంది. ఈ నత్రజని బరువు మొయ్యడానికి అనుకునేవాళ్ళు ఉన్నారు. కాదు, నూనె నురగ కట్టకుండా ఉండడానికి. నురగ రంధ్రంలో తేలిగ్గా దూరిపోతుంది, నిరోధం ఉండదు. స్ప్రింగు తీగ కొస పళ్ళెంలోని మెట్టుకు ఆనేట్టు కూర్చోబెట్టాలి. మధ్య నట్టు కొత్తదే వాడాలి. దాన్ని బిగించేటప్పుడు కడ్డీ తిరగకుండా పట్టుకారుతో మెరిసే భాగాన్ని పట్టుకునేవారిని చూశాను. అక్కడ పడిన గీత ప్రతి ఊపులోనూ సీలును కోస్తుంది, కొత్త స్ట్రట్ ఆరునెలల్లో కారుతుంది. కడ్డీ కొసన ఎలన్ తాళం పెట్టే గుంటగాని, పలక చెక్కుగాని ఉంటుంది, అక్కడే పట్టుకోవాలి.

తిరిగి ఎక్కించడం వరస తిరగేయడమే కనుక విస్తరించను. పై నట్లు ముందు వేళ్ళతో పట్టించి, కింద గీతలు కలిపి, మాన్యువల్‌లో చెప్పిన టార్కుకు బిగించాలి. అంకె బండిబండికీ వేరు. ఆ తర్వాత ఎలైన్‌మెంట్ తప్పదు. గీత ఎంత బాగా కలిపినా చక్రం వాలులో కొద్ది తేడా వస్తే టైర్ల ముందంచుల ఎడం మారుతుంది, కొత్త టైరు ఒక అంచున తినేస్తుంది. ఒక్కవారం తిరిగాక నట్లన్నీ మళ్ళీ ఒకసారి చూసుకోవాలి.

భౌతికశాస్త్ర మిత్రులకు ఒక చిన్న ప్రయోగం సూచిస్తాను. ఫోనులో త్వరణమాపకం ఉంది. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయంవాళ్ళు చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత ఆప్‌తో దాని గ్రాఫు చూడవచ్చు. ఫోనును ముందు డ్యాష్‌బోర్డు మీద టేపుతో అతికించి, ఊరి చివర ఒకే స్పీడ్ బ్రేకరును ఒకే వేగంతో, స్ట్రట్లు మార్చక ముందూ మార్చిన తర్వాతా దాటండి. బండి నడిపేవారు ఒకరు, ఫోను చూసేవారు ఒకరు ఉండాలి. నేను తీసిన పాత గ్రాఫులో బ్రేకరు దాటాక మూడు శిఖరాలు స్పష్టంగా లెక్కపెట్టడానికి వచ్చాయి. కొత్తదానిలో ఒక శిఖరం, తర్వాత చిన్న అల, అక్కడినుంచి గీత పడుకుంది. పక్కపక్క శిఖరాల నిష్పత్తికి సంవర్గమానం తీసుకుంటే అవరోధ నిష్పత్తి వస్తుంది, ఆ మెట్లు రికార్డు పుస్తకంలో ఎలాగూ ఉన్నాయి.

పాత స్ట్రట్ల విషయం ఒకటి మిగిలింది. ఆ కడ్డీ ఉక్కు చూసి గునపానికి బాగుంటుందని మా ఊళ్ళో కోయించాలనుకున్నవాళ్ళు ఉన్నారు. నూనె కారిపోయినా గొట్టంలో నత్రజని ఒత్తిడి మిగిలే ఉండవచ్చు, నూనె అంటుకునే గుణం ఎలాగూ పోదు. కాబట్టి కొలిమిలో పెట్టడం, గ్యాసుతో కొయ్యడం చెయ్యకూడదు. పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేటప్పుడు కూడా అందులో వాయువు ఉందని నోటితో చెప్పి ఇవ్వాలి. అతను చూసి తెలుసుకోవడానికి దాని మీద ఏమీ కనబడదు.